సాగరగర్భ యాత్రికుడు కూస్తో

సముద్రమును మన పూర్వులు రత్నాకరమని పిలిచిరి. రత్నముల మాట ఎట్లున్నను, మనుష్యుడు తన చేతులార పోగొట్టుకొనినది మాత్రము అక్కడ చాల కలదు. ఇరువదవ శతాబ్దమున జరిగిన రెండు మహాయుద్ధములలో వేలకొలది ఓడలు సరకులతోను మనుష్యులతోను మునిగిపోయినవి. పైన అలలు మూసికొనిన పిమ్మట వాటి సంగతి కచ్చేరీ కాగితములలో ఒక పంక్తిగాను, బిడ్డలను పోగొట్టుకొనిన ఇండ్లలో ఒక దుఃఖముగాను మిగిలెను. ఆ ఓడల కడకు దిగిపోయి, చూచి, చూచినదానిని లోకమునకు చూపినవారిలో ముందుగా చెప్పదగినవాడు జాక్ ఈవ్ కూస్తో అను ఫ్రెంచి నావికుడు. యుద్ధమునకై కట్టిన ఓడను ఇల్లుగా చేసికొని, యుద్ధమున మునిగిన ఓడలను దర్శించిన వాడతడు. అతని జీవితము ఈ దారి పట్టిన విధము తెలిసికొనదగినది.

బాల్యము

1910 జూన్ 11వ తేదీన, ఫ్రాన్సు దేశమున బోర్దో నగరమునకు సమీపముననున్న సేంట్ ఆంద్రే ద కుబ్‌జాక్ అను చిన్న పట్టణమున కూస్తో జన్మించెను. తండ్రి డానియెల్ న్యాయశాస్త్రము చదివినవాడు. అమెరికా ధనికులకు ఆంతరంగిక కార్యదర్శిగా కుదిరి, వారి వెంట దేశదేశములు తిరుగుచుండెను. అందుచే ఆ కుటుంబమునకు స్థిరనివాసము లేకుండెను. బాలుడు చిన్ననాట రోగిష్ఠి. ఉదరవ్యాధియు రక్తహీనతయు అతనిని పీడించుచుండెను. శరీరమునకు శ్రమ కలిగించు ఆటలు వలదని పెద్దలు కట్టడి చేసిరి. అయినను ఈత మాత్రము అతనికి పట్టుబడెను.

1920లో ఆ కుటుంబము కొంతకాలము న్యూయార్కు నగరమున కాపురముండెను. వేసవి సెలవులలో పిల్లలను వెర్మాంట్ ప్రాంతమున ఒక సరస్సు చెంత నడుచు శిబిరమునకు పంపిరి. సరస్సు అడుగున పడియున్న చెట్లకొమ్మలను తీసి శుభ్రపరచు పని అక్కడ ఈ బాలునకు అప్పగింపబడెను. ఊపిరి బిగబట్టి, మసకనీటిలో కనులు తెరచి, చేతులతో తడవుచు కొమ్మలను పైకి లాగుట అతడు నేర్చికొనెను. శిక్షవలె కనిపించిన ఆ పనియే అతని తొలి పాఠమయ్యెను.

బాలునకు రెండవ వ్యసనము చలనచిత్రములు తీయు కెమెరా. చేతిఖర్చులకు ఇచ్చిన సొమ్ము కూడబెట్టి చిన్న కెమెరా కొని, దానిని విప్పి, మరల బిగించి, దాని మర్మమెరిగెను. బడి చదువులో మాత్రము మనసు నిలువలేదు. కిటికీ అద్దములు పగులగొట్టినందుకు ఒక పాఠశాల అతనిని వెడలగొట్టెను. తల్లిదండ్రులు అతనిని కఠినశిక్షణ గల వసతి పాఠశాలలో చేర్పించిరి. అక్కడ అతడు బాగుగా చదివి, 1930లో బ్రెస్ట్ నగరమందలి నౌకాదళ విద్యాలయమున ప్రవేశించెను.

విరిగిన చేతులు

కూస్తో కోరిక నీటిలో మునుగుట కాదు, ఆకాశమున ఎగురుట. నౌకాదళపు విమానశాఖలో అతడు శిక్షణ పొందుచుండెను. 1936లో ఒకనాటి రాత్రి అతడు నడుపుచున్న మోటారుకారు ప్రమాదమునకు లోనయ్యెను. చేతులు రెండును విరిగెను. ప్రాణము దక్కినను విమానయోగము తప్పిపోయెను. ఒక చేయి చాలకాలము స్వాధీనములో లేకుండెను. అతనిని దక్షిణతీరమున తులాన్ రేవునకు పంపిరి. చేతులకు బలము వచ్చుటకై అతడు ప్రతిదినము సముద్రమున ఈదుచుండగా, తోటి నావికాధికారి ఫిలిప్ తయ్యే అతనికి నీటిలో చూచుటకు పనికివచ్చు కళ్ళద్దముల జోడు ఇచ్చెను.

ఆ అద్దములతో తలను నీటిలో ముంచిన క్షణమున అతని జీవితము మలుపు తిరిగెను. పైన బండ్లు, మనుష్యులు, వీధిదీపపు స్తంభములు. కొన్ని అంగుళముల క్రింద నాచువనములు, వెండివలె మెరయు చేపలగుంపులు. ఇంత దగ్గరగా మరియొక లోకముండగా, దానిని చూడకయే మనుష్యులు తీరమున తిరుగుచున్నారని అతనికి తోచెను. తరువాత ఫ్రెడెరిక్ ద్యూమా అను చేపల వేటగాడు వారితో చేరెను. ఈ మువ్వురును ప్రాణస్నేహితులైరి. 1937లో కూస్తో నౌకాదళ కుటుంబమున పుట్టిన సిమోన్ మెల్కియోర్‌ను వివాహమాడెను. వారికి జాన్ మిషెల్, ఫిలిప్ అను ఇద్దరు కుమారులు కలిగిరి.

యుద్ధకాలము

1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయెను. 1942 నవంబరు 27వ తేదీన జర్మన్ సేనలు తులాన్ రేవును పట్టుకొనవచ్చినపుడు, తమ నౌకలు శత్రువు వశము కారాదని ఫ్రెంచి నావికులు తమ చేతులతోనే వాటిని ముంచివేసిరి. 70కి పైగా నౌకలు ఒక్క ఉదయమున నీటిపాలయ్యెను. అవి కూస్తో పనిచేసిన నౌకాదళమునకు చెందిన ఓడలు. ఓడ మునుగుట అనగా ఏమో అతనికి గ్రంథముల వలన తెలియవలసిన పని లేకపోయెను.

ఆ దినములలో అతడు ఇటలీ ఆక్రమణ సేనలకు వ్యతిరేకముగా రహస్య సమాచారము సేకరించు పనిలో పాల్గొనెను. ఆ సేవకు యుద్ధానంతరము గౌరవ పతకములు లభించెను. కాని అతని అన్న పియేర్ ఆంత్వాన్ నాజీలకు కొమ్ముకాచిన ఒక పత్రికకు సంపాదకుడై, వేరు దారి త్రొక్కెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో న్యాయస్థానము అన్నకు మరణశిక్ష విధించెను. పిదప ఆ శిక్ష తగ్గింపబడి, కొన్ని సంవత్సరములకు అతడు విడుదలయ్యెను. ఒకే తల్లి బిడ్డలలో ఒకరికి పతకము, ఒకరికి ఉరికంబపు నీడ! యుద్ధము సముద్రము మీదనే కాక ఇంటి నడుమ కూడ గీత గీయునని కూస్తో కుటుంబము అనుభవించి తెలిసికొనెను.

నీటిలో ఊపిరి

ఊపిరి బిగబట్టి మునిగినవాడు ఒకటి రెండు నిమిషములకు మించి నిలువలేడు. లోహపు శిరస్త్రాణము, సీసపు చెప్పులు ధరించి దిగువాడు చాలసేపు ఉండగలడు గాని, పైనుండి గాలి పంపు గొట్టమునకు కట్టుబడి గుంజకు కట్టిన పశువువలె తిరుగవలసినవాడే. ఈ రెండు బంధములనుండియు విడుదల కలుగవలెనని కూస్తో కోరెను.

చిక్కు ఎక్కడనున్నదో విద్యార్థులు గమనింపవలెను. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు పీడనము చొప్పున హెచ్చును. 30 మీటర్ల లోతున శరీరముపై మొత్తము నాలుగు వాతావరణముల పీడనముండును. పీల్చు గాలియు అదే పీడనమున లేనిచో రొమ్ము విప్పారదు. కనుక లోతు మారిన కొలదియు గాలి పీడనము తనంత తాను మారవలెను. పీల్చినపుడు మాత్రమే గాలి రావలెను. లేనిచో సిలిండరులోని గాలి వృథాగా పోవును.

1942 డిసెంబరులో కూస్తో పారిస్ నగరమున ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరును కలిసికొనెను. యుద్ధకాలపు పెట్రోలు కరవు వలన మోటారుకార్లను వంటగ్యాసుతో నడపుటకు ఆ ఇంజనీరు ఒక చిన్న కవాటమును నిర్మించియుండెను. యంత్రము కోరినంత గ్యాసును కోరినపుడు మాత్రమే విడుచుట దాని గుణము. కారు యంత్రమునకు సరిపడినది మనుష్యుని ఊపిరితిత్తులకు ఏల సరిపడదని వారిరువురును ఆలోచించిరి.

తొలి పరికరమును 1943 ప్రారంభమున పారిస్ చెంత మార్న్ నదిలో పరీక్షించిరి. అడ్డముగా ఈదినపుడు అది చక్కగా పనిచేసెను. నిటారుగా నిలిచినపుడు గాలి ఉబికిపోయెను. తలక్రిందులైనపుడు గాలి అందలేదు. కారణము వారికి కొద్దికాలములోనే దొరకెను. గాలి వచ్చు తావును, విడిచిన గాలి పోవు తావును వేరువేరు ఎత్తులలో ఉండుటచే వాటిమధ్య నీటి పీడనమున భేదము కలుగుచుండెను. రెండింటిని ఒకేచోట అమర్చగానే దోషము తొలగెను. ఆ సంవత్సరము జూన్ మాసమున దక్షిణతీరమున కూస్తో ఆ పరికరమును వీపున కట్టుకొని సముద్రమున దిగెను. పైన సిమోన్ ఈదుచు, నీటి అద్దములలోనుండి అతనినే చూచుచుండెను. ఒడ్డున ద్యూమా ఆపదకు సిద్ధముగా నిలిచియుండెను. కూస్తో వెల్లకిలబడి, పల్టీలు కొట్టి, తలక్రిందులుగా నిలిచి చూచెను. ఏ భంగిమయందును గాలి ఆగలేదు. ఆక్వాలంగ్ అను ఈ జలశ్వాస యంత్రముతో మనుష్యుడు చేపవలె స్వేచ్ఛగా తిరుగగల్గెను.

ఆ యంత్రముతో ఆ మిత్రులు మొట్టమొదట ఎక్కడికి పోయిరన్నది గమనింపదగినది. వారు తీరమున మునిగియున్న ఓడల కడకు పోయిరి. 1943లో తీసిన ఆ చిత్రమునకు శిథిల నౌకలు అను అర్థమిచ్చు పేరే పెట్టిరి. దేశము పరుల పాలనలోనుండగా, తిండికే కరవైన దినములలో, వారు నీటి అడుగున ఆ ఓడల చుట్టు తిరిగి చిత్రము తీసిరి.

మృత్యువు పొంచిన చోటు

యుద్ధము ముగిసిన పిమ్మట 1945లో ఫ్రెంచి నౌకాదళము తులాన్‌లో ఒక జలాంతర పరిశోధన బృందమును ఏర్పరచెను. తయ్యే, కూస్తో, ద్యూమా అందులో ముఖ్యులు. యుద్ధము రేవులలో విడిచిపోయిన మైన్లను తొలగించుట వారి పనులలో ఒకటి. శాంతి వచ్చినదని పైన ప్రజలు పండుగ చేసికొనుచుండగా, నీటి అడుగున యుద్ధము ఇంకను ముగియలేదు.

ఆ దినములలో నేర్చిన విద్య ప్రాణములు పణముగా పెట్టి నేర్చినదే. 1946లో వోక్లూజ్ అను లోతైన నీటిబుగ్గలో దిగిన కూస్తో, ద్యూమాలు స్మృతి తప్పుచు చావు అంచువరకు పోయి బయటపడిరి. గాలి నింపు యంత్రము తాను విడిచిన పొగనే మరల పీల్చుటచే సిలిండర్లలో విషవాయువు చేరియుండెను. 1947 సెప్టెంబరులో మోరిస్ ఫార్గ్ అను సహచరుడు 120 మీటర్ల లోతునకు చేరి, అక్కడ తాడునకు కట్టిన పలకపై తన గురుతు వ్రాసి, ప్రాణముతో తిరిగిరాలేదు. అధిక పీడనమున గాలిలోని నత్రజని మెదడునకు మత్తు కలిగించును. ఆ మత్తులో మనుష్యుడు భయము మరచి, నోటిలోని గొట్టమును సైతము విడిచివేయగలడు. పైకి త్వరగా వచ్చినను ముప్పే. రక్తమున కరగిన నత్రజని, మూత తీసిన సోడాబుడ్డిలోవలె బుడగలై కీళ్ళను, నరములను చెరచును. అందుచే మెల్లగా, నడుమ నడుమ ఆగుచు పైకి రావలెను. సాహసమునకు హద్దు తెలియవలెనని ఫార్గ్ మరణము కూస్తోకు నేర్పెను.

కలిప్సో

1950లో కూస్తో చేతికి ఒక ఓడ వచ్చెను. అది అమెరికాలోని సియాటిల్ నగరమున కట్టబడి, 1942లో నీటికి విడువబడి, బ్రిటిషు నౌకాదళమున మైన్లు ఏరివేయు పని చేసిన ఓడ. అయస్కాంతపు మైన్లు ఇనుమును పసికట్టి ప్రేలును గనుక అట్టి ఓడలను కొయ్యతో కట్టుదురు. యుద్ధానంతరము మాల్టా, గోజో ద్వీపముల నడుమ ప్రయాణికులను దాటించుటకు దానిని వాడిరి. గోజో ద్వీపము గ్రీకు పురాణములలోని కలిప్సో అను అప్సరస నివాసమని ఒక ప్రతీతి. ఓడకు ఆ పేరే స్థిరపడెను. లోయెల్ గిన్నెస్ అను ఇంగ్లీషు ధనికుడు ఆ ఓడను కొని, సంవత్సరమునకు ఒక్క ఫ్రాంకు అద్దెపై కూస్తోకు అప్పగించెను.

దాదాపు 42 మీటర్ల పొడవు గల ఆ ఓడను అతడు తన పనికి అనువుగా మార్చెను. ముందుభాగమున నీటి మట్టమునకు దిగువగా గాజు కిటికీల గది కట్టించెను. ఓడ నడుచుచుండగా అందులో పడుకొని సముద్రములోనికి చూడవచ్చును. ఈతగాండ్రు ఓడ నడుమనుండియే నీటిలోనికి దిగుటకు ఒక బావివంటి ద్వారము అమర్చెను. ఖర్చులకు సొమ్ము చాలనపుడు సిమోన్ తన నగలు అమ్మి ఆదుకొనెను. చిత్రములలో ఆమె ముఖము కనిపించుట అరుదు. కాని ఓడపై కూస్తోకన్న ఎక్కువ కాలము గడపినది ఆమెయే. నావికుల తిండి, జబ్బులు, తగవులు అన్నియు ఆమె కనిపెట్టి చూచెను. వారు ఆమెను కాపరి అను అర్థమున ముద్దుపేరుతో పిలిచిరి. ఇరువది ముప్పదిమంది మనుష్యులు నెలల తరబడి ఓడపైననే తిని, నిదురించి, దినమునకు పలుమార్లు నీటిలో దిగుచుండెడి ఆ జీవితము ఆమె లేనిదే సాగెడిది కాదు.

ఎర్రసముద్రపు అడుగున

1955లో కలిప్సో ఎర్రసముద్రమునకును హిందూమహాసముద్రమునకును దీర్ఘయాత్ర సాగించెను. ఆ యాత్రలో సూయజ్ సింధుశాఖ ముఖద్వారమున, సుమారు 30 మీటర్ల లోతున, వారు ఒక పెద్ద ఓడను దర్శించిరి. అది థిస్టిల్‌గార్మ్ అను బ్రిటిషు సరకుల ఓడ. 1940లో సండర్లాండ్ రేవున నీటికి విడువబడిన ఆ ఓడ, 1941లో గ్లాస్గోనుండి బయలుదేరి, ఆఫ్రికా ఖండమును చుట్టి, ఈజిప్టులోని సేనకు సామగ్రి తెచ్చుచుండెను. సూయజ్ కాలువ వద్ద దారి దొరకక లంగరు వేసి వేచియుండగా, అక్టోబరు 6వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట జర్మన్ బాంబరు విమానములు దానిపై బాంబులు వేసెను. మందుగుండు నింపిన సరకులగది ప్రేలి ఓడ వెనుకభాగము చీలిపోయెను. పైన నిలిపిన రెండు రైలింజన్లు ఎగిరి సముద్రపుటడుగున పడెను. తొమ్మిదిమంది మరణించిరి.

పదునాలుగు సంవత్సరముల పిమ్మట కూస్తో అనుచరులు దిగినపుడు ఆ ఓడ నిటారుగా కూర్చుండియుండెను. సరకుల గదులలో లారీలు వరుసలు తీరియుండెను. వాటిపై మోటారు సైకిళ్ళు జోడింపబడియుండెను. తుపాకుల పెట్టెలు, రబ్బరు బూట్లు, విమానముల విడిభాగములు కట్టిన కట్టు చెదరక పడియుండెను. ఏ సైనికుని పాదమునకును తొడుగబడని బూట్లవి. ఇనుపకమ్ముల నడుమ పగడములు మొలచినవి. ఫిరంగి నీడలో చేపలు గుంపులుగా తిరుగుచున్నవి. నీరు ఎర్రని కాంతిని త్వరగా మ్రింగివేయుటచే లోతున సమస్తమును నీలిచాయగా కనిపించును. వారు దింపిన విద్యుద్దీపముల వెలుగు పడగానే ఆ శిథిలముపై ఎరుపు, పసుపు వన్నెలు ఒక్కసారిగా లేచెను. ఒక ఈతగాడు గంటపై పేరుకొనిన పాచి గీకగా ఓడ పేరు బయటపడెను.

ఈ దృశ్యములతో కూడిన నిశ్శబ్ద ప్రపంచము అను చిత్రమును కూస్తో, లూయీ మాల్ అను యువకునితో కలిసి నిర్మించెను. 1956లో కాన్ చలనచిత్రోత్సవమున దానికి అగ్రబహుమతి వచ్చెను. పిదప అమెరికా వారి ఆస్కార్ బహుమతియు లభించెను. అదే పేరుతో 1953లో ద్యూమాతో కలిసి వ్రాసిన గ్రంథము అంతకుముందే అనేక భాషలలో ప్రచారము పొందియుండెను.

మారిన మనస్సు

కీర్తి శిఖరమునెక్కిన ఆ చిత్రమే అతని దోషములకును సాక్ష్యమిచ్చుచున్నది. అందులో చేపలను లెక్కించుటకై పగడపు దిబ్బవద్ద డైనమైట్ ప్రేల్చిరి. ఓడ మర తగిలి గాయపడిన తిమింగలపు పిల్లను సొరచేపలు చుట్టుముట్టగా, నావికులు కోపోద్రిక్తులై ఆ సొరచేపలను ఓడపైకి లాగి చంపిరి. థిస్టిల్‌గార్మ్ నుండి గంటను, ఇనప్పెట్టెను, ఒక మోటారు సైకిలును పైకి తెచ్చిరి. ఆనాటివారికి ఇది తప్పుగా తోచలేదు. 1954లో కలిప్సో పర్షియన్ సింధుశాఖలో చమురు నిక్షేపముల వెదకులాటకు సైతము పనిచేసెను.

కాని అతడు చూచిన సముద్రమే అతనిని మార్చెను. యౌవనమున తాను దిగిన తావులకే మరల దిగినపుడు చేపలు తరిగి, నాచువనములు చచ్చి కనిపించెను. 1957లో మొనాకో సముద్రశాస్త్ర ప్రదర్శనశాలకు అధ్యక్షుడైన అతడు, 1960లో అణుశక్తి సంస్థ వ్యర్థపదార్థములను మధ్యధరా సముద్రమున పడవేయదలచినపుడు బహిరంగముగా ఎదిరించెను. ప్రజలు అతని వెనుక నిలిచిరి. ఆ యత్నము ఆగెను. తరువాతి కాలమున అతడు చంపుటకై నీట దిగువారిని నిరసించి, సముద్రరక్షణకై 1973లో ఒక సంఘము స్థాపించెను. తన తప్పును దాచక, దానిని దిద్దుకొనుచు ముందునకు నడచుట వలననే అతని మాటకు విలువ హెచ్చెను.

నీటి అడుగున మనుష్యులు కాపురముండగలరా అని పరీక్షించుటకు అతడు 1962లో మార్సేయ్ చెంత ఇద్దరిని ఒక వారము, 1963లో సూడాన్ తీరమున ఒక బృందమును ఒక మాసము, 1965లో 100 మీటర్ల లోతున ఆరుగురిని మూడు వారములు ఉంచెను. 1968నుండి అతని టెలివిజను చిత్రములు ఇంటింట సముద్రమును చూపెను.

మరల మునిగిన ఓడల కడకు

పసిఫిక్ మహాసముద్రమున ట్రక్ అను ద్వీపముల నడుమనున్న విశాలమైన మడుగు యుద్ధకాలమున జపానువారి నౌకాస్థావరము. 1944 ఫిబ్రవరి 17, 18 తేదీలలో అమెరికా విమానములు అక్కడ సుమారు 40 ఓడలను ముంచివేసెను. ఆ ఓడలపై కూస్తో బృందము తీసిన చిత్రము 1971లో ప్రదర్శింపబడెను. అక్కడ ఫుజికావా మారు అను ఓడ సరకులగదిలో ఎన్నడును ఎగురని యుద్ధవిమానముల భాగములు కలవు. తుపాకి గొట్టములపై మెత్తని పగడములు పూచినవి. మనుష్యుల ఎముకలును కలవు. ఎర్రసముద్రమున చూచినది గెలిచినవారి ఓడ. ఇక్కడ చూచినది ఓడినవారి ఓడలు. పగడమునకు ఆ భేదము తెలియదు.

1975లో అతడు గ్రీసు దేశమున కియా ద్వీపము చెంత బ్రిటానిక్ అను ఓడను కనుగొనెను. టైటానిక్‌కు తోబుట్టువైన ఆ ఓడ మొదటి మహాయుద్ధమున ఆసుపత్రి ఓడగా పనిచేయుచు 1916 నవంబరు 21న మునిగెను. వేయిమందికి పైగా ఉన్న ఆ ఓడలో 30 మంది మరణించిరి. పటములపై గుర్తించిన చోటుకు కొన్ని మైళ్ళ దూరమున, సుమారు 120 మీటర్ల లోతున అది పడియుండెను. 1976లో హీలియము కలిపిన గాలి పీల్చుచు ఈతగాండ్రు దిగిరి. అడుగున కొద్ది నిమిషములు గడపుటకు, పైకి వచ్చునపుడు గంటలకొలది ఆగవలసివచ్చెను. ఆనాడు ఆ ఓడలో నర్సుగా ఉండి బ్రతికి బయటపడిన వృద్ధురాలు ఒకామె 86 ఏండ్ల వయస్సున కలిప్సోకు వచ్చెను. అరువది సంవత్సరముల క్రిందట తాను విడిచిన ఓడ ఉన్న చోటికి ఆమె మరల చేరెను. మునిగిన ఓడ ఇనుపరాశి కాదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను!

తుది దినములు

1979 జూన్ 28వ తేదీన లిస్బన్ చెంత తాగస్ నదిపై జరిగిన విమాన ప్రమాదమున కూస్తో రెండవ కుమారుడు ఫిలిప్ మరణించెను. తండ్రి పనికి వారసుడని అందరును తలచినవాడతడే. యౌవనమున విమానయోగము తప్పి నీటిలోనికి వచ్చిన తండ్రి, ఎగురుచు నీటిలో పడిన కుమారుని పోగొట్టుకొనెను. పెద్దకుమారుడు జాన్ మిషెల్ తండ్రికి తోడుగా వచ్చెను గాని, చివరి సంవత్సరములలో వారిమధ్య తగవులు పొడసూపెను. 1990లో సిమోన్ మరణించెను. మరుసటి సంవత్సరము కూస్తో ఫ్రాన్సీన్ త్రిప్లేను వివాహమాడెను. ఆమెవలన అతనికి అంతకుముందే ఇద్దరు బిడ్డలు కలరు. లోకమునకు సముద్రపు మర్మము విప్పినవాని స్వంత జీవితమున విప్పని మర్మములు ఉండకపోలేదు.

వార్ధక్యమున సైతము అతడు ఊరకుండలేదు. దక్షిణధ్రువ ఖండమున గనులు త్రవ్వరాదని కోరుచు లక్షలకొలది సంతకములు సేకరించి దేశాధినేతలను కలిసెను. 1991లో కుదిరిన మాడ్రిడ్ ఒప్పందము అక్కడ గనుల త్రవ్వకమును నిషేధించెను. 1988లో ఫ్రెంచి అకాడమీ అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను.

1996 జనవరిలో సింగపూరు రేవున ఒక బార్జి తాకి కలిప్సో మునిగిపోయెను. నలువది ఏండ్లకు పైగా మునిగిన ఓడలను వెదకిన ఓడ తానే మునిగిన ఓడయ్యెను. దానిని పైకి తీసిరి గాని అతనిని మోసికొని అది మరల యాత్ర చేయలేదు. 1997 జూన్ 25వ తేదీన, 87 ఏండ్ల వయస్సున, పారిస్ నగరమున కూస్తో మరణించెను. పుట్టిన ఊరిలోనే అతనిని సమాధి చేసిరి.

అతని పిమ్మట

నేడు ఈజిప్టు రేవులనుండి బయలుదేరు ఓడలలో యాత్రికులు దినముల తరబడి నీటిపైననే నివసించి థిస్టిల్‌గార్మ్ కడకు దిగుచున్నారు. వారి వీపున ఉన్నది ఆనాడు మార్న్ నదిలో తొట్రుపడిన పరికరమునకు సంతతియే. వచ్చినవారిలో కొందరు జ్ఞాపకార్థమని వస్తువులు తీసికొనిపోవుటచే ఆ ఓడ చాల కోల్పోయినది. నూరు సంవత్సరములు నీటిలోనున్న శిథిలములను మానవ వారసత్వముగా కాపాడవలెనని 2001లో యునెస్కో ఒక ఒడంబడిక చేసినది. బ్రిటానిక్‌కు ఆ వయస్సు వచ్చినది. థిస్టిల్‌గార్మ్‌కు 2041లో రానున్నది.

ఇట్టి ఓడలు దూరదేశములయందే ఉన్నవని తలంపరాదు. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ తన నావికులతో కూడ మన విశాఖపట్టణపు సముద్రమున పడియున్నది. శత్రువైనను వారును తల్లుల బిడ్డలే. తీరమున నిలిచి అలలను చూచు విద్యార్థి, ఆ అలల క్రింద చేపలతోపాటు మనుష్యుల చరిత్రయు ఉన్నదని ఎరుగవలెను. ఆ చరిత్రను తెచ్చికొనుటకు పోవువాడు దొంగవలె కాక అతిథివలె పోవలెనని, తాను మొదట తప్పి, పిదప తెలిసికొని, లోకమునకు తెలిపినవాడు కూస్తో.